నేను చదివి చెప్పిన ఇంజను

మా నాన్న కారు చచ్చిపోవడానికి కారణం నేను. ఇన్నేళ్ళుగా ఈ మాట బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అడిగినవాళ్ళు లేరు. ఇంజన్ల గురించి ఆడదాన్ని ఎవరడుగుతారు. ఆ రోజుల్లోనే ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఏడ్చి, ఊరుకునేదాన్ని. ఒక్కరూ తిట్టలేదు. అందుకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాజోలు దగ్గర మా ఊరు. డెబ్బైల్లో మా పేట మొత్తానికి ఉన్న కారు మాది ఒక్కటే. నల్లటి ఇంగ్లీషు కారు, నాకంటే వయసులో పెద్దది. మిషన్ ఆస్పత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. ఆవిడ దగ్గర నాన్న పదకొండేళ్ళు డ్రైవరు. ఆవిడ వాళ్ళ దేశం వెళ్ళిపోతూ కారు నాన్నకి ఇచ్చేసింది, కారుతోపాటు దాని పుస్తకమూ ఇచ్చింది. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ భాగానికి ఎంత ఖాళీ వదలాలో బొమ్మలతో సహా ఇంగ్లీషులో రాసి ఉన్న లావుపాటి పుస్తకం. నాన్న చదివింది నాలుగో తరగతి, అదీ తెలుగు. అయినా ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, బైబిలు పెట్టే గూట్లోనే పెట్టాడు.

కారు అద్దెకి తిరిగి నాన్నకి కూడు పెట్టింది, నిజమే. కానీ నాన్నకి కారంటే అది కాదు. మా తాతయ్య మా ఊరి కామందుగారింట్లో పాలేరు. నాన్న చిన్నతనమంతా వాళ్ళ గేదెల వెనకాలే గడిచింది. అలాంటిది కారొచ్చాక, కామందుగారి ఇంట్లో ఎవరైనా నర్సాపురం వెళ్ళి రైలెక్కాలంటే మా ఇంటికి కబురొచ్చేది, బండి ఖాళీగా ఉందేమో కనుక్కురమ్మన్నారని. ఆ ‘కనుక్కురమ్మన్నారు’ అనే మాట నాన్నకి మహా ఇష్టం. ఖాళీగా ఉన్నా ఒక్కోసారి లేదని చెప్పించేవాడు. అమ్మ తిట్టేది. నాన్న నవ్వేవాడు.

తరవాత కామందుగారు సొంతంగా కొత్త కారు కొనుక్కున్నారు. నడిపేవాడు కావాలి. నాన్నని పిలిపించి, నెలజీతానికి వచ్చెయ్యమన్నారు. మంచిగానే అడిగారు, బెదిరించలేదు. నాన్న కూడా మంచిగానే కుదరదని చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చి అరుగుమీద కూర్చుని నాతో అన్నాడు:

“మా నాన్న ఆ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డం చూసేనమ్మా. నేను నిలబడను. ఈ బండి తిరిగినన్నాళ్ళు నాకా అవసరం లేదు.”

బండి తిరిగినన్నాళ్ళు. సరిగ్గా ఆ యేడే బండి నీలంపొగ వదలడం మొదలెట్టింది. మొదట కొంచెం, తరవాత వెనక వచ్చే సైకిళ్ళవాళ్ళు ముక్కులు మూసుకునేంత. పెట్రోలుతో సమానంగా ఇంజను ఆయిలు తాగేది. మా పాస్టరుగారు హాస్యానికి, “మీరు సాయంత్రం పూట ఓసారి పేటంతా తిరగండి, దోమలు పోతాయి” అనేవారు. నాన్న నవ్వలేక నవ్వేవాడు. ఒకరోజు సఖినేటిపల్లి రేవులో, కార్లనీ లారీలనీ గోదావరి దాటించే పంటు మీదికి ఎక్కబోయి, ఎక్కలేక వెనక్కి జారింది. లోపల ఆస్పత్రికి వెళ్ళే ముసలాయన ఉన్నాడు. రేవులో ఉన్న జనం నెట్టి పంటెక్కించారు. ఇంటికొచ్చి నాన్న అన్నం తినలేదు. మర్నాడు ఇంజను విప్పించాలని నిర్ణయించాడు.

మా ప్రాంతంలో ఇంజను అంటే పొలానికి నీళ్ళు తోడేది, లేదంటే గోదాట్లో పడవని నెట్టేది. అవి బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. చెవి దగ్గరగా పెట్టి వింటే ఏ ఇంజనుకి ఏ జబ్బో చెప్పేవాడు. పెట్రోలు కారు విప్పడం ఆయనకీ కొత్తే. మా దొడ్లో కొబ్బరిచెట్ల నీడన టార్పాలిను పరిచి, రెండు రోజులు విప్పాడు. చివరికి సిలిండర్లలో వేలు పెట్టి తిప్పి చూసి, వేలు గుడ్డకి తుడుచుకుంటూ చెప్పాడు.

“అరిగిపోయిందండి. సిలిండర్లు లోపల చెక్కించి బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వెయ్యాలి. ఇప్పటికి రెండుసార్లు బోరు చేసినట్టున్నారు. గోడలు పల్చబడ్డాయి. ఇదే ఆఖరుసారండి. మళ్ళీ చెయ్యడానికి ఇనుముండదు.”

నాన్న పిస్టన్ల కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. రాజమండ్రి వెళ్ళాడు, కాకినాడ వెళ్ళాడు, బెజవాడలో మూడు రోజులు ఉన్నాడు. ఆ కారు పేరు చెబితే కొందరు దుకాణాలవాళ్ళు నవ్వారట, ఇంకా ఉందా అని. చివరికి ఒకచోట, మన దేశంలో తయారయ్యే వేరే కారుకి వేసే పిస్టన్లు దొరికాయి. ఆ కారు కంపెనీ చేసినవి కూడా కావు, బయట ఎవరో చేసి అమ్మేవి. వెడల్పు సరిపోతుందన్నారు. మిగతావి సరిపోవు. పిస్టన్ని పట్టుకునే పిన్ను లావు, పైభాగం కాస్త ఎత్తు. “అరగదీయిస్తే సరిపోద్దండి” అని దుకాణదారు చెప్పాడట. నాన్న ఆ నాలుగు పిస్టన్లనీ తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

నేను అప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని. ఫిజిక్సంటే నాకు ప్రాణం, పొగరంటే ఇంకా ప్రాణం. వేసవి సెలవులకి ఇంటికి రాగానే నాన్న చేతులు కడుక్కుని గూట్లోంచి పుస్తకం తీసి, నా చేతిలో పెట్టాడు.

“నువ్వు చదివి చెప్పమ్మా. మేస్త్రిగారు బిగిస్తారు.”

నాకు అప్పటిదాకా ఎవరూ అంత పెద్ద పని చెప్పలేదు. కుర్చీ తెచ్చుకుని కొబ్బరిచెట్ల కింద కూర్చున్నాను. రోజూ పొద్దున్నే మేస్త్రి రావడం, నేను చదవడం, తెలుగులో చెప్పడం, ఆయన తలూపడం. అమలాపురంలో లేతు పనివాళ్ళకి ఇవ్వాల్సిన కొలతలు కాగితం మీద రాసిచ్చింది కూడా నేనే. పిన్ను కూర్చోడానికి కొత్త బుష్షులు చేయించారు. పిస్టన్ల పైభాగం కొంచెం చెక్కించారు. ప్రతి భాగమూ దేనికో చేసినది, మా దాంట్లో పట్టేదాకా రాయడం, గీకడం. మేస్త్రి ఒక్కో ముక్కనీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసేవాడు. చూస్తూ కూర్చుంటే నాకు విసుగొచ్చేది. పుస్తకంలో ఉన్నట్టు చేస్తే పోలా అనిపించేది.

సిలిండరు బోరు చేయించే ముందు మేస్త్రికీ నాకూ పేచీ వచ్చింది. పిస్టనుకీ సిలిండరు గోడకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో పుస్తకంలో అంకె ఉంది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి, అందులో ఇన్ని అని. నేను చదివాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

“అది వాళ్ళ పిస్టన్లకి రాసిన లెక్కండి. ఇవి వేరే అల్యూమినం. వేడికి ఎక్కువ ఉబ్బుతాయి. ఇంకో వెంట్రుకవాసి వదులుంచుదామండి.”

“వెంట్రుకవాసంటే ఎంత?” అన్నాను.

“చేతికి తెలుస్తుందండి.”

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. “పుస్తకం రాసినవాళ్ళకి తెలియందా మీ చేతికి తెలిసింది?” అన్నాను. ఆయన నా తండ్రి వయసువాడు. నాన్న వైపు చూశాడు. నాన్న ఇద్దరివైపూ చూసి అన్నాడు:

“పుస్తకంలో ఎలా ఉంటే అలాగే కానివ్వండి మేస్త్రిగారూ.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు మేస్త్రి.

ఇంజను బిగించడం పూర్తయిన రోజు మా దొడ్డి నిండా జనం. నాన్న ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పాడు. బిగుతుగా ఉంది, తిరగలేదు. ఇద్దరు పట్టుకుని తిప్పితే నాలుగోసారికి అంటుకుంది. పొగ లేదు. చప్పుడు మెత్తగా ఉంది. నాన్న బానెట్టు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మేస్త్రి వైపు చూశాను, చూశారా అన్నట్టు. ఆయన మాత్రం చెవి ఒగ్గి వింటున్నాడు. “కొంచెం బిగుతేనండి. నెమ్మదిగా అరగనివ్వాలి” అన్నాడు.

అది పుస్తకంలోనూ ఉంది. కొత్తగా బిగించిన ఇంజనుని మొదటి అయిదు వందల మైళ్ళూ ముప్ఫై మైళ్ళ వేగం దాటించకూడదు. బరువు వెయ్యకూడదు. ఆ పేజీ చదివి చెప్పాను. నాన్న రోజూ పొద్దున్నే ఖాళీ బండి కాలవగట్టు మీద నెమ్మదిగా తిప్పుకొచ్చేవాడు. కానీ ఖాళీగా తిప్పడానికి పెట్రోలు ఎవరు పోస్తారు. వారం తిరిగేసరికి నూరు మైళ్ళు కూడా కాలేదు.

అప్పుడు పెళ్ళి బేరం వచ్చింది. మా చర్చిలో సండేస్కూలు చెప్పే మాస్టారి కూతురు పెళ్ళి. చర్చిలో పెళ్ళి అయ్యాక పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ కార్లో కూర్చోబెట్టి, బ్యాండుమేళంతో పెళ్ళికొడుకింటికి తీసుకెళ్ళాలి. రెండు మైళ్ళు. మాలో అది పట్టపగలే జరుగుతుంది. దారిలో ప్రతి బంధువు ఇంటి ముందూ కారు ఆగాలి. ఇంటివాళ్ళు బయటికొచ్చి దండలు వేస్తారు, కొబ్బరినీళ్ళిస్తారు, పెద్దవాళ్ళెవరో ప్రార్థన చేస్తారు. అప్పుడుగానీ కారు కదలదు. రెండు మైళ్ళకి రెండు మూడు గంటలు పడుతుంది.

నాన్న వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లోకొచ్చి నన్ను పిలిచాడు.

“పెళ్ళిబండి తోలొచ్చంటావా? పుస్తకం ఓసారి చూడమ్మా.”

నేను పడుకుని ఏదో చదువుకుంటున్నాను. లేవలేదు. “చూసేను కదా నాన్నా. నెమ్మదిగా నడపమనే ఉంది. ఊరేగింపు కంటే నెమ్మదిగా నడిచేది ఇంకేముంది? దీనికంటే మంచి బేరం దొరకదు” అన్నాను.

“అంతేనంటావా?”

“అంతే.”

ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి, వెళ్ళి మాస్టారికి సరేనని చెప్పివచ్చాడు.

పెళ్ళి మే నెల. చర్చిలోంచి బయటపడేసరికి పదకొండున్నర. ఎండ మాడ్చేస్తోంది. కారుకి పూలూ రంగు కాగితాలూ కట్టాం. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ వెనక సీట్లో, నాన్న స్టీరింగు దగ్గర. ముందు బ్యాండు, చుట్టూ జనం. అందరికంటే వెనకాల కామందుగారి కొత్త కారు. పెళ్ళికి మర్యాదగా వచ్చారాయన. వాళ్ళ అన్నకొడుకు నడుపుతున్నాడు. నేను మా కారు పక్కనే, నాన్న కిటికీ దగ్గర నడుస్తున్నాను. ఆ ఇంజను నాదన్నంత గర్వంగా నడిచాను.

మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. ప్రతిచోటా ఆగడం. నాన్న ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ హ్యాండిలు తిప్పి లేపడం కష్టం, పెళ్ళివారి ముందు పరువు పోతుంది. ఆపొద్దని నేనే చెప్పాను. నాలుగో ఇంటి దగ్గర ఒక పెద్దాయన ప్రార్థన మొదలెట్టాడు. ఆదాము దగ్గర మొదలెట్టి ఎక్కడా ఆగడే. అందరూ తలలు దించుకుని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బానెట్టు లోంచి వాసన వస్తోంది, వేడెక్కిన ఇనుమూ రంగూ కలిసిన వాసన. నాన్న కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు. నావైపు చూశాడు. ఏం చేద్దామన్నట్టు చూశాడు. పోనివ్వమని చెయ్యి ఊపాను. పోనిచ్చాడు.

కాలవ వంతెన ఎక్కుతూ ఇంజను గర్రుమంది. గట్టిగా కూడా కాదు. తరవాత చప్పుడు లేదు. కారు ఆగిపోయింది. బ్యాండువాళ్ళకి తెలియక వాయించుకుంటూ ముందుకు పోయారు.

నాన్న దిగి, హ్యాండిలు పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. రెండు చేతులతో ఒంటి బరువంతా వేసి దానిమీద వేలాడాడు. తెల్లచొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. హ్యాండిలు ఇసుమంత కూడా కదల్లేదు. మేస్త్రి జనంలోంచి వచ్చి, నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

“వదిలెయ్యండి. పట్టేసిందండి.”

లోపల పిస్టన్లు ఉబ్బి సిలిండరు గోడలకి అతుక్కుపోయాయి. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, వేడికి లోహాలు వ్యాకోచించడం మీద నాకు మంచి మార్కులొచ్చాయి. ఏదో ఒకటి చెయ్యాలి, ఏం చెయ్యాలో తెలీదు. పుస్తకం ఇంట్లో ఉంది. ఉన్నా ఏం చేస్తాను. పెళ్ళికూతురు లోపల ఎండకి సొమ్మసిల్లేలా ఉంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు గొణగడం మొదలెట్టారు.

అప్పుడు వెనకనుంచి కామందుగారు దిగి వచ్చారు. ఆయన వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండేది.

“ఏం ఫర్వాలేదు. పిల్లల్ని నా కార్లో ఎక్కించండి. మావాడికి ఊరేగింపులో తోలడం రాదు. నువ్వు తోలు” అన్నారు నాన్నతో.

నాన్న ఒక్క క్షణం మా కారు వైపు చూశాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. పెళ్ళికూతురు కార్లోంచి దిగి ఎండలో నిలబడి ఉంది. కాదనడానికి ఏముంది.

“ఆయ్, అలాగేనండి బాబుగారూ” అన్నాడు.

జనం మా కారుని ఓ పక్కకి నెట్టి, దానికి కట్టిన పూలు విప్పి ఆ కారుకి కట్టారు. నాన్న తలుపు తీసి పట్టుకున్నాడు. పెళ్ళివాళ్ళు ఎక్కారు. కామందుగారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆ కారు చక్కగా, చప్పుడు లేకుండా కదిలి వెళ్ళిపోయింది. బ్యాండు మళ్ళీ కలిసింది. వంతెన మీద నేనూ, మేస్త్రీ, మా కారూ మిగిలాం. నేను ఏడుస్తుంటే మేస్త్రి అటు తిరిగి కాలవలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆయన నన్ను ఆ రోజూ ఒక మాట అనలేదు, ఆ తరవాతా అనలేదు.

విప్పి చూస్తే సిలిండరు గోడలు నిలువునా గీరుకుపోయి ఉన్నాయి. మళ్ళీ బోరు చెయ్యడానికి ఇనుము లేదని ముందే చెప్పాడు కదా. అలాంటి ఇంజను ఇంకొకటి ఎక్కడా దొరకలేదు. పెళ్ళయిన పదో రోజు పొద్దున్న కామందుగారి దగ్గరనుంచి మళ్ళీ కబురొచ్చింది. ఈసారి కనుక్కురమ్మని కాదు, రమ్మని. నాన్న వెళ్ళాడు. అమ్మ పొద్దున్నే లేచి ఆయనకి క్యారేజీ కట్టడం మొదలెట్టింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు గూడు దులుపుతుంటే పుస్తకం చేతికొచ్చింది. ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది, అయినా తెరిచాను. నేను చదివి చెప్పిన పేజీ వెనకవైపునే ఉంది. కొత్తగా బిగించిన ఇంజనుని ఎక్కువసేపు ఒకేచోట నిలబెట్టి నడపకూడదు, నడకవేగంతో ఈడ్చకూడదు, వేడెక్కి పట్టేస్తుంది అని. ఒక్క పేజీ తిప్పి ఉంటే చాలు. నాన్న చూడమన్న రోజున మంచం మీంచి లేచి ఉంటే చాలు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున్న నాన్న పనికి బయల్దేరుతుంటే పుస్తకం పట్టుకుని ఎదురెళ్ళాను.

“నాన్నా, ఊరేగింపుకి తోలకూడదని ఇందులో ఉంది. నేను చూడలేదు. నా వల్లే పోయింది.”

ఆయన దువ్వెన పక్కన పెట్టాడు. పుస్తకం వైపు చూడలేదు.

“తెలుసమ్మా” అన్నాడు.

“ఏం తెలుసు?”

“కొత్త ఇంజన్ని ఊరేగింపుకి పెట్టకూడదని. దొరసానమ్మ దగ్గర చేరిన కొత్తలోనే తెలుసు. మేస్త్రిగారు వదులుంచుదామంది కూడా నిజమే.”

నాకు ముందు కోపమే వచ్చింది. “మరి తెలిసి ఎందుకు ఊరుకున్నావు? నోరు లేదా? ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కాదు కదా” అని అరిచాను.

“ఎలా చెప్తానమ్మా. మన ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం చదివింది నువ్వొక్కదానివే. మేస్త్రి ముందు, నలుగురి ముందు నీ చదువు తప్పని నేనెలా అంటాను.” చొక్కా గుండీలు పెట్టుకుంటూ మళ్ళీ అన్నాడు: “అయినా పుస్తకం కదా. నాకు తెలిసిందే తప్పేమో అనుకున్నాను.”

ఆయన గడియారం చూసుకుని, “బాబుగారు ఎనిమిదింటికి బయల్దేరాలన్నారు” అంటూ వెళ్ళిపోయాడు.

ఆ యేడు ఫిజిక్సులో కాలేజీ మొత్తానికి మొదటి మార్కు నాదే. నాన్న ఆ సంగతి కారు తోలుతూ కామందుగారికి చెప్పాడట. ఆయన మెచ్చుకున్నారట. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, అది మూడుసార్లు చెప్పాడు.